కలివికోడి కోసం ఒక సాయంత్రం

మా పెద్దమ్మాయికి తొమ్మిదేళ్ళు. దాని దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. రెండేళ్ళు ఆన్‌సైట్ పని మీద అమెరికాలో ఉన్నప్పుడు మేం ఎల్లోస్టోన్ చూడ్డానికి వెళ్ళాం. అక్కడ పిల్లలకి జూనియర్ రేంజర్ అని ఒక ముచ్చట ఉంటుంది. చిన్న పుస్తకం ఇస్తారు. చూసిన జంతువులూ వేడినీటి బుగ్గలూ అందులో రాసి తీసుకెళ్తే, రేంజర్ ఎదురుగా నిలబెట్టి, చెయ్యెత్తించి ప్రమాణం చేయించి, బ్యాడ్జ్ ఇస్తారు. ఆ బ్యాడ్జ్ వచ్చిన రోజు నుంచీ ఎక్కడికి పోయినా 'చూసినవి' అని పట్టిక గీసుకోవడం దానికి అలవాటైంది. బందీపూర్ పేజీలో ఏనుగులు 11 అని ఉంటుంది. ఆ పక్కనే బ్రాకెట్లో, తమ్ముడు నిద్రపోయాడు కాబట్టి వాడికి 0.

మొన్న సంక్రాంతికి ఎర్రగుంట్ల పోయినప్పుడు మిద్దె మీద కూచుని సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు లెక్కపెడుతూ అడిగింది: "నాన్నా, మీ ఊళ్ళో నేషనల్ పార్క్ లేదా?"

మా నాయన నవ్వినాడు. "మన ఊళ్ళో ఉండేది నాపరాయి, సున్నపురాయి, వాటి దుమ్ము. పార్కు యాడిదమ్మా?"

నేను ఫోన్ తీశాను. దేనికైనా ముందు జాబితా వెదకడం నా ఉద్యోగం నేర్పిన జబ్బు. దేశంలోని నేషనల్ పార్కుల పట్టికలో కడప జిల్లా పేరు రెండుసార్లు కనబడింది. ఒకటి తెలిసిందే, శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్. 1989లో ప్రకటించారు, 353 చదరపు కిలోమీటర్లు, శేషాచలం కొండలు. రెండోదాని దగ్గర నా వేలు ఆగిపోయింది. రాజీవ్ గాంధీ నేషనల్ పార్క్, రామేశ్వరం. 2005. విస్తీర్ణం 2.40 చదరపు కిలోమీటర్లు.

రామేశ్వరం అంటే ప్రొద్దుటూరు రామేశ్వరం, పెన్న ఒడ్డున. మా ఇంటినుంచి అరగంట కూడా పట్టదు. నేను ప్రొద్దుటూరులో ట్యూషన్లకు పోయినాను, సినిమాలు చూసినాను, అక్క పెళ్ళికి బంగారం కొనడానికి నాయన వెంట అంగళ్ళన్నీ తిరిగినాను. అక్కడొక నేషనల్ పార్క్ ఉందని ఎవరూ అనగా వినలేదు. ఎల్లోస్టోన్ దాదాపు 8,983 చదరపు కిలోమీటర్లు. అందులో ఇలాంటివి 3,700 పైన పడతాయి. ఆ లెక్క మా అమ్మాయికి తెగ నచ్చింది. "చిన్నదైతే అంతా చూసేయొచ్చు" అంది. అదీ నిజమే.

మరుసటి రోజు పొద్దున్నే బయల్దేరాం. ఊళ్ళో ఒకాయన్ని అడిగితే మున్సిపాలిటీ పార్కుకి దారి చెప్పాడు. ఇంకొకాయన "రామేశ్వరం గుడికా అన్నా?" అన్నాడు. చివరికి పెన్న ఇసుకలో తేలాం. ఏట్లో నీళ్ళు పాయలుగా పారుతున్నాయి, మా ఐదేళ్ళవాడికి అదే స్వర్గం. పార్కు హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో నాకు అర్థం కాలేదు. తప్పు నాదే, ఎవర్నీ సరిగ్గా కనుక్కోకుండా పట్టికను నమ్ముకుని పోయాను. నోట్‌బుక్‌లో ఆ పేజీ ఇలా ఉంది: కొంగలు 6, కుక్కలు 4, ఎనుములు 9, నేషనల్ పార్క్ (?).

ఆ ప్రశ్నార్థకం నన్ను చాలా రోజులు సతాయించింది. పిల్ల అడిగింది జంతువుల గురించి. నేను వెదికింది ఒక మాటని. ఆ మాట ఎక్కడ పుట్టి మా పెన్న ఒడ్డుకు ఎలా చేరిందో చూద్దామని కూర్చుంటే, చివరికి అది నన్ను ఏ పట్టికలోనూ నేషనల్ పార్కుగా లేని ఒక ముళ్ళకంప దగ్గరికి తీసుకుపోయింది.

*

1872 మార్చి 1న అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో ఎల్లోస్టోన్ పార్క్ అయింది. మనుషుల చెయ్యి పడని ప్రకృతిని రాబోయే తరాల కోసం దాచిపెట్టడం అనే ఊహకి అది మొదటి పెద్ద రూపం అని మనం చదువుకుంటాం. చెయ్యి పడని చోటు అనే మాట మాత్రం అబద్ధం. అక్కడ వేల ఏళ్ళుగా మనుషులున్నారు. టుకుడికా అనే తెగవాళ్ళు కొండగొర్రెలను వేటాడుతూ ఆ మెట్టల్లోనే బతికేవాళ్ళు. పార్క్ వచ్చిన దశాబ్దంలోపే వాళ్ళని రిజర్వేషన్లకు తరలించారు. యాత్రికులు భయపడకూడదని, ఇక్కడ ఇండియన్లు ఎప్పుడూ ఉండేవాళ్ళు కారనే కథను కూడా ప్రచారంలో పెట్టారు. మా అమ్మాయి చెయ్యెత్తి ప్రమాణం చేసిన చోటు అది. నేను ఫోటోలు తీస్తూ నిలబడ్డాను. ఇవన్నీ నాకప్పుడు తెలియవు.

మన దగ్గర కథ పార్కులతో కాక రిజర్వ్ ఫారెస్టులతో మొదలవుతుంది. 1870లలో కలకత్తా ప్రభుత్వం దేశమంతటికీ ఒకే అటవీ చట్టం తేవాలని చూసినప్పుడు అడ్డం తిరిగింది ఎవరనుకున్నారు? మద్రాసు బోర్డ్ ఆఫ్ రెవెన్యూ. ఈ ప్రెసిడెన్సీలో ఏదో ఒక ఊరి పొలిమేరలోకి రాని అడవి దాదాపు లేదు, ఊళ్ళవాళ్ళకి అక్కడ హక్కులున్నాయి, వాటిని ఒక్క కలంపోటుతో కొట్టేయలేం అని తెల్లదొరలే వాదించారు. అందుకే 1878 చట్టం మద్రాసుకు వర్తించలేదు. కానీ ఆ పట్టుదల ఎక్కువ కాలం నిలవలేదు. బ్రాండిస్ వచ్చి చూసిపోయాక 1882లో మద్రాసు ఫారెస్ట్ యాక్ట్ వచ్చింది. కడప జిల్లా కొండలన్నీ ఒక్కొక్కటిగా రిజర్వులయ్యాయి.

అడవి మీద ప్రభుత్వానికి అంత ప్రేమ పుట్టడానికి ఒక కారణం మా ఊరి మీదుగానే పోతుంది. మద్రాసు నుంచి రాయచూరుకు రైలు మార్గం 1871లో పూర్తయింది. ఎర్రగుంట్ల ఆ దారిలో స్టేషను. ఆ రోజుల్లో మద్రాసు రైళ్ళు బొగ్గు కంటే కట్టెల మీదే ఎక్కువ నడిచేవి. ఇంజన్లకు కట్టె కావాలి, పట్టాల కింద దుంగలు కావాలి. అందుకు అడవిని కాపాడాలి. ఎవరినుంచి? కట్టెలమోపు ఎత్తుకునే ఆడమనిషినుంచి, మేకలవాడినుంచి.

మేకంటే అటవీ అధికారులకు ఎంత కసో ఆ కాలపు రాతలు తిరగేస్తే తెలుస్తుంది. ఆవుకి పర్మిట్ దొరికేది, గొర్రెకి కష్టమ్మీద దొరికేది, మేకకి చాలాచోట్ల ప్రవేశమే లేదు. పుల్లరి కట్టాలి. కట్టకపోతే మందను బందెలదొడ్డికి తోలేస్తారు. జనం గోడు ఎంత పెరిగిందంటే 1912లో మద్రాసు ప్రభుత్వం దాన్ని వినడానికి ప్రత్యేకంగా ఒక కమిటీనే వేయాల్సి వచ్చింది. తర్వాత సహాయ నిరాకరణ రోజుల్లో, 1921లో, పల్నాడుతోపాటు అప్పటి కడప జిల్లా రాయచోటి తాలూకాలో కూడా జనం పర్మిట్లు లేకుండా గొడ్లని అడవుల్లోకి తోలారు. పల్నాడు కథ మనకు తెలుసు, 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణం పోయింది కాబట్టి. రాయచోటి కథ మా జిల్లావాళ్ళకే తెలీదు. నాకూ ఈ వ్యాసం కోసం చదివేదాకా తెలీదు.

స్వతంత్రం వచ్చాక 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం చేశారు. అందులో రెండు గదులున్నాయి: అభయారణ్యం, నేషనల్ పార్క్. తేడా చాలామంది అనుకునేట్టు సైజులో లేదు, హక్కుల్లో ఉంది. అభయారణ్యంలో కలెక్టరు విచారించి కొన్ని హక్కులు కొనసాగనివ్వచ్చు, మేపుకోనివ్వచ్చు. నేషనల్ పార్కులో గొడ్లని మేపడం కుదరదు. అంటే నేషనల్ పార్క్ అన్న మాటకు మన చట్టంలో అసలు అర్థం పులి కాదు, ఏనుగూ కాదు. మేకలవాడు లేని చోటు. ప్రొద్దుటూరు పక్కన 2.40 చదరపు కిలోమీటర్లకి ఆ పెద్ద పేరు దక్కింది. కొంచెం తూర్పుకు పోతే, పెన్నకు అవతల, లంకమల కొండల్లో 464 చదరపు కిలోమీటర్ల మేర ఉన్నది మాత్రం అభయారణ్యమే. 1988లో ప్రకటించిన శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యం. శివరాత్రికి నిత్యపూజకోనకు పోయేవాళ్ళందరికీ ఆ అడవి తెలుసు. కానీ అది అభయారణ్యం కావడానికి శివుడు కారణం కాదు. ఒక కోడి కారణం.

*

కలివికోడి అసలు కోడి కాదు. తీతువు కంటే కాస్త చిన్నది, జానెడున్నర మించదు. పొడుగు కాళ్ళు, పెద్ద కళ్ళు, మట్టిరంగు ఒళ్ళు, ఛాతీ మీద రెండు అడ్డపట్టీలు. ఎగరడం కంటే పరిగెత్తడమే ఇష్టం. పగలంతా పొదల్లో కదలకుండా ఉండి రాత్రి తిరుగుతుంది. కలివి మన వైపు పిల్లలందరికీ తెలుసు. ముళ్ళపొద, చిన్న నల్లటి పండ్లు, తింటే పెదాలకు జిగురు అంటుకుంటుంది. ఆ కంపల్లో ఉండేది కాబట్టి కలివికోడి. పిట్ట పేరులోనే దాని చిరునామా ఉంది. ఆ పేరు పెట్టినవాళ్ళని ఎవరైనా అడిగుంటే చాలా శ్రమ తప్పేది.

థామస్ జెర్డాన్ మద్రాసు సైన్యంలో డాక్టరు. నెల్లూరులో సర్జనుగా ఉన్నాడు. పక్షుల పిచ్చి. నెల్లూరు, కడప కొండల్లో తనకు దొరికిన ఈ పిట్టను కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లిత్‌కి పంపితే, బ్లిత్ 1848లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. లాటిన్‌లో రెండు పట్టెడలది అని అర్థం. ఇంగ్లీషులో అది జెర్డాన్ పేరుతోనే నిలిచింది. ఆయన 1862-64 మధ్య అచ్చువేసిన మూడు సంపుటాల పక్షుల పుస్తకంలో పిట్ట తర్వాత పిట్టకి తెలుగు పేర్లు కూడా ఇచ్చుకుంటూ పోతాడు. అవి ఆయనకు ఊరికే తెలీవు కదా. ఎవరో యానాదో, ఎవరో వేటగాడో, వలలో పిట్టను పట్టి తెచ్చి, దొర ముందు పెట్టి, పేరు చెప్పి ఉంటారు. పుస్తకంలో పేర్లున్నాయి, చెప్పినవాళ్ళు లేరు. మన సాహిత్య చరిత్రలో తాళపత్రాలు మోసుకొచ్చినవాళ్ళకు జరిగిందే ఇక్కడా జరిగింది.

తర్వాత బ్లాన్‌ఫర్డ్ దీన్ని గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలం వైపు చూశాడు. 1900లో అనంతపురం దగ్గర చూసినట్టు హోవార్డ్ క్యాంప్‌బెల్ రాశాడు. ఈయన లండన్ మిషన్ పాదిరీ, కడప ప్రాంతంలో పనిచేసినవాడు. జమ్మలమడుగులో ఆ మిషన్ వాళ్ళు నడిపిన క్యాంప్‌బెల్ ఆస్పత్రి పేరు విననివాళ్ళు మా చుట్టుపక్కల ఉండరు. మా జేజి ఏ జబ్బొచ్చినా 'క్యాంబెలాసుపత్రి' అనే అనేది. అంతే. ఆ తర్వాత నిశ్శబ్దం. 1930లలో తూర్పు కనుమల పక్షుల సర్వేలో వెదికారు, దొరకలేదు. 1970లలో మళ్ళీ వెదికారు, దొరకలేదు. అంతరించిపోయిందనే చాలామంది నిర్ణయించుకున్నారు. రాత్రి తిరిగే పిట్టని పగలు వెదుకుతున్నారని ఎవరికీ తట్టలేదు.

మధ్యలో ఒక చిన్న కథ చెప్పాలి, ఎందుకంటే మా వాడికి అన్నిటికంటే అదే నచ్చింది. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర ఒక పశువుల డాక్టరు ఈ పిట్ట గుడ్డును సేకరించాడు. అది చేతులు మారి మారి స్కాట్లాండ్‌లో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలోకి చేరి, దశాబ్దాలపాటు ఎవరూ పట్టించుకోకుండా ఉండిపోయింది. ఆ తర్వాత డీఎన్‌ఏ పరీక్ష చేసి అది కలివికోడి గుడ్డేనని 2013లో ప్రకటించారు. ప్రపంచంలో తెలిసిన ఒకే ఒక్క గుడ్డు. "పగల్లేదా నాన్నా?" అన్నాడు వాడు. పగల్లేదు. నూరేళ్ళు పగల్లేదు.

1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మళ్ళీ వెదుకులాట మొదలుపెట్టింది. ఈసారి భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప జిల్లాకు వచ్చి, ఊరూరా తిరిగి, పిట్ట బొమ్మ చూపించి, వేటగాళ్ళని, అడవిలో తిరిగేవాళ్ళని అడిగాడు. జెర్డాన్ నూట నలభై ఏళ్ళ కింద చేసినట్టే. అడిగినవాళ్ళలో ఐతన్న అనే ఆయన ఉన్నాడు. 1986 జనవరిలో, రెడ్డిపల్లె దగ్గర, ఒక రాత్రి ఐతన్న టార్చిలైటు వెలుగులో నిలబడిపోయిన పిట్టని చేత్తో పట్టుకున్నాడు. ఇంటికి తెచ్చి బతికించే ప్రయత్నం చేశాడు. భూషణ్‌కి కబురు పోయింది. పిట్ట కొన్ని రోజులే బతికింది. కానీ 86 ఏళ్ళ తర్వాత కలివికోడి ఉంది అని లోకానికి తెలిసింది. అప్పటికి 89 ఏళ్ళ సలీం అలీ, ఏ పిట్ట కోసం తన వయసులో వెదికి ఓడిపోయాడో ఆ పిట్ట దొరికిన వార్త వినగలిగాడు. మరుసటి ఏడాది ఆయన పోయాడు.

ఈ సంఘటనకు ఇంగ్లీషులో 'పునరావిష్కరణ' అనే అర్థం వచ్చే మాట వాడతారు. నాకు ఆ మాట దగ్గర ఇబ్బంది ఉంది. పోయినవస్తువు దొరికింది అనాలంటే అది ఎవరి దగ్గర పోయిందో చెప్పాలి. పుస్తకాల్లోంచి పోయింది, నిజమే. అడవి గట్టున రాత్రిళ్ళు తిరిగేవాళ్ళ దగ్గరనుంచి పోలేదు. వాళ్ళ నోట్లో దాని పేరు అలాగే ఉంది. భూషణ్ గొప్పతనం, ఆ నోటిని అడగాలని తెలుసుకోవడం. రెండేళ్ళలోనే లంకమల అభయారణ్యమైంది. అదే 1988లో పక్కనున్న కర్నూలు జిల్లాలో బట్టమేక పిట్ట కోసం రోళ్ళపాడు కూడా అయింది. రాయలసీమ అంటే కరువు, ఫ్యాక్షన్ తప్ప ఇంకేం లేదనుకునే రోజుల్లో, సీమలో ఎవరికీ పనికిరాని బీళ్ళలో ఏదో ఉందని చట్టం ఒప్పుకున్న ఏడాది అది.

*

ఇక్కడినుంచే కథ చిక్కుబడుతుంది.

2000 తర్వాత పి. జగన్నాథన్, ఆయన తోటి పరిశోధకులు ఈ పిట్ట ఎలాంటి చోట ఉంటుందో ఏళ్ళ తరబడి పరిశీలించారు. వాళ్ళు చేసిన పని నాకు ఇంజనీరుగా భలే నచ్చింది. కంపల మధ్య జల్లెడపట్టిన మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారి వచ్చి వాటి మీద అడుగుజాడలు చదివేవాళ్ళు. పిట్ట నడిచిన చోట కెమెరాలు పెట్టేవాళ్ళు. పొద్దుగూకాక కాసేపు మాత్రం అది కూస్తుందని గమనించి ఆ కూతని రికార్డు చేసి, దాన్ని వినిపించి జవాబు వస్తుందేమో చూసేవాళ్ళు. తేలింది ఏమిటంటే, కలివికోడికి దట్టమైన అడవి వద్దు. బోడి మైదానమూ వద్దు. పొదకీ పొదకీ మధ్య పరిగెత్తడానికి జాగా ఉండాలి, దాక్కోడానికి పొద ఉండాలి. ఆ మధ్యరకం కంప దానంతటది అలా ఉండదు. మేకలు కొరికితే, గొర్రెలు నడిస్తే, ఎవరో కాస్త కట్టె కొట్టుకుంటే అలా ఉంటుంది. మేత మరీ ఎక్కువైతే పొదలు పోతాయి. పూర్తిగా ఆపేస్తే పొదలన్నీ కలిసిపోయి పిట్టకు నడిచే జాగా ఉండదు.

అంటే 1882 నుంచీ అడవిలో దొంగగా చూసిన జంతువు నమిలి నమిలి తయారు చేసిన ఇంట్లో, ప్రపంచంలోకెల్లా అరుదైన పక్షుల్లో ఒకటి కాపురం ఉంది. దీన్ని చదివినప్పుడు నేను లాప్‌టాప్ మూసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. లంకమల నేషనల్ పార్క్ కాకపోవడం వల్ల, చట్టం ప్రకారం అక్కడ మేకకి కాస్త సందు మిగిలింది. ఆ సందులోనే పిట్టకీ బతుకు ఉంది. ఎల్లోస్టోన్ నమూనా తెచ్చి లంకమల మీద పరిస్తే, మనుషుల్ని తీసేసి కంచె వేస్తే, ఆ కంచె లోపల పోయేవాటిలో కలివికోడి ఒకటి అవుతుంది. ఇది మేకలన్నీ మంచివని చెప్పడం కాదు. మందలు మరీ పెరిగిన చోట కంప బోడిగా అయిన మాటా నిజమే, నిమ్మతోటలకోసం దున్నేసిన మాటా నిజమే. లెక్క కుదరాలి. కానీ ఆ లెక్కలో మేకలవాడు కూడా ఒక అంకె అని మన చట్టాలు చాలాకాలం ఒప్పుకోలేదు.

కాలువ సంగతి ఇంకా కష్టం. 1983లో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాల మధ్య తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. మద్రాసుకు 15 టీఎంసీల కృష్ణా నీళ్ళు, దారిలో రాయలసీమకూ నెల్లూరుకూ సాగునీళ్ళు. కడప జిల్లాలో బ్రహ్మంసాగర్ నిండటం అంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. మా బంధువులు బద్వేలు వైపు ఉన్నారు. 'ఈ ఏడు నీళ్ళొస్తాయంటనా?' అనే ప్రశ్నతోనే వాళ్ళ ఫోన్లు మొదలయ్యేవి. 2005లో ఆ కాలువ తవ్వకం కలివికోడి ఉండే కంపలోకి వచ్చేసింది. పొక్లెయిన్లు కొంత కంపని లేపేశాక పరిశోధకులు గమనించి గొడవ చేశారు. అటవీశాఖ ఆపింది. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా పోయింది. చివరికి కాలువ దారి మార్చారు.

ఇది మన దేశంలో అరుదైన గెలుపు. పిట్ట కోసం కాలువ వంగింది. అయినా సీమలో పుట్టినవాడికి ఆ వాక్యం రాసేటప్పుడు చెయ్యి తడబడుతుంది. బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో ట్యాంకరు నీళ్ళతో స్నానం చేసి, కూచుని, కాలువ పక్కకి జరగడం మంచిదే అనడం నాకు తేలిక. బోరు ఎండిపోయిన రైతు ముందు నిలబడి అనగలనా? మా నాయనతో అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "కాలవ వంకరైతే నీళ్ళు ఆగవు కదరా. ఇంకో చోట తోడినారు, అంతే కదా. పిట్టకి ఇంకో చోటు యాడుండాది?" అన్నాడు. ఆయన పనిచేసింది ముప్ఫై ఏళ్ళు సిమెంటు ఫ్యాక్టరీలో. పర్యావరణం అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

కాలువ వంగింది, కానీ పిట్ట మళ్ళీ కనబడకుండా పోయింది. 2009 తర్వాత రూఢిగా చూసినవాళ్ళు లేరు. 2025 ఆగస్టులో ఒక పక్షి పరిశీలకుల బృందం ఆంధ్రలో దాని కూతని రికార్డు చేసింది. పదహారేళ్ళ తర్వాత ఒక గొంతు. ఆ వార్త చదివే మేం ఈ సంక్రాంతికి లంకమల వైపు పోదామనుకున్నాం.

*

ఎర్రగుంట్ల నుంచి కడప, అక్కడినుంచి సిద్ధవటం. మట్లిరాజుల కోట దగ్గర ఆగి బొరుగులు తిన్నాం. సిద్ధవటం దాటి బద్వేలు రోడ్డు మీద అడవి మొదలయ్యాక, పిల్లలకి ముందే చెప్పాను: అనుమతి లేదు కాబట్టి లోపలికి పోం, రోడ్డు పక్కనే ఉంటాం, పిట్ట కనబడదు. కనబడని దానికోసం ఇంత దూరం ఎందుకని మా ఆవిడ అడిగింది. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. కూత వినబడొచ్చేమో అన్నాను. ఇంటి దగ్గరే ఫోన్‌లో ఆ కూతని వాళ్ళకి వినిపించాను. రెండు చిన్న ముక్కలు, మళ్ళీ మళ్ళీ. ఇక్కడ మాత్రం వినిపించనని చెప్పాను. ఎవరో పిలిచారనుకుని పిట్ట బయటికి వస్తే, పిలిచినవాడు లేకపోతే పాపం కదా. మా వాడికి ఆ తర్కం చాలా బాగా అర్థమైంది, మా అమ్మాయికి నచ్చలేదు. "ఒక్కసారి" అంది. వద్దన్నాను.

కలివి పొదలు రోడ్డు దాకా ఉన్నాయి. మధ్య మధ్య ఎర్రమట్టి. పండ్ల కాలం కాదు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో ముసలాయన రాత్రి తిరిగిన అడవి కూడా సీమదే, చిత్తూరు వైపుది. అది చదివినప్పుడు నేను ఊహించుకున్నవి పెద్ద చెట్లు. నిజానికి మన అడవి చాలావరకు ఇదే, నడుమెత్తు కంప. మన రాతల్లో కంప అంటే బతుకులో గుచ్చుకునే ముల్లు, లేదా పాడుబడిన ఊరికి గుర్తు. రెవెన్యూ భాషలో బంజరు. దాన్ని అడవి అని పిలవడానికి నాకే కొంత సమయం పట్టింది.

పొద్దు వాలుతుండగా ఒక పెద్దాయన మేకల మందతో రోడ్డు దాటాడు. కారు చూసి ఆగాడు.

"ఏంది సామీ, బండి చెడిపొయ్యిందా?"

"లేదు పెద్దాయనా. పిల్లలకి అడవి చూపిద్దామని."

"ఇదా?" అని ఆయన చుట్టూ చూశాడు, మేం చూసేది ఇంకేదైనా ఉందేమో అన్నట్టు.

కలివికోడి సంగతి అడిగాను. "ఆ పిట్టా? ఫారెస్టోళ్ళు, బొంబాయోళ్ళు వస్తా ఉంటారు దానికోసరం. మా నాయన ఉన్నెప్పుడు చూసినాడంట. నేను సూళ్ళే." తర్వాత మా అమ్మాయి నోట్‌బుక్ వైపు చూసి "రాసుకుంటాండావా పాపా? రాసుకో. మేకలు యాభై ఉండల్ల, లెక్కబెట్టు. నాకు రెండు తక్కవ వస్తాండాయి" అన్నాడు.

అది నిజంగానే లెక్కపెట్టింది. రోడ్డుకి అటువైపు కొన్ని, ఇటువైపు కొన్ని, పొదల్లో తలలు దూర్చినవి కొన్ని. ఆయన కర్రతో అదిలిస్తూ నిలబడ్డాడు. మా వాడు ఒక పిల్లమేకని పట్టుకోబోయి ముల్లు గుచ్చుకుని ఏడ్చాడు. పెద్దాయనే కలివి ముల్లుతో ఆ ముల్లు తీశాడు. "పొద్దుబొయ్యినాంక ఈడ ఉండగాకండి, లారీలు తోల్తారు" అని చెప్పి మందని తోలుకుపోయాడు. మేకల మెడగంటలు చాలాసేపు వినబడ్డాయి.

గంటలు ఆగాక చీకటి పడింది. మేం కారు లైట్లు ఆర్పి, అద్దాలు దించి, ముప్పావుగంట కూర్చున్నాం. బెంగళూరు పిల్లలు ముప్పావుగంట మాట్లాడకుండా ఉండటం మా ఇంట్లో అదే మొదటిసారి. ఏవో పురుగులు, దూరంగా ఒక తీతువు, రెండు లారీలు, మా ఆవిడ గాజుల చప్పుడు. ఒక్కసారి మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను కూడా ఏదో విన్నాననుకున్నాను. మళ్ళీ రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వెనకసీట్లో ఫోన్ వెలుగులో రాసుకుంది. ఇంటికి వచ్చాక నేను ఆ పేజీ చూశాను. లంకమల అని పైన పెద్ద అక్షరాలు. చూసినవి: మేకలు 49. తాత అన్నది 50, ఒకటి పొదలో ఉండొచ్చు. దాని కింద కొత్తగా ఇంకో గడి గీసింది, విన్నవి అని. అందులో తీతువు 1, లారీలు 2, గంటలు చాలా. ఆ కింద కలివికోడి అని రాసి, ఎదురుగా ఏమీ వేయకుండా వదిలేసింది.